ఫ్యామిలీ రూమ్‌లో ఒక్కదాన్ని

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో అందరికీ బయట తినాలని బుద్ధి పుడుతుంది. నాకేమో ఆ మాట వింటేనే నీరసం. "ఇంత పప్పు పడేస్తాను, ఇంట్లోనే తిందాం" అంటాను. "ఒక్కపూట వంట తప్పుతుందని సంతోషించక, నీకిదేం పట్టుదల" అని విసుక్కుంటారు. వాళ్ళకేం తెలుసు! నా జీవితానికి సరిపడా హోటల్ తిండి నేను రెండేళ్ళలోనే తినేశాను.

అరవైల చివర మాట. యూనివర్సిటీలో బాటనీ ఎమ్మెస్సీలో చేరాను. హాస్టల్‌కి దరఖాస్తు ఆలస్యంగా పెట్టాను, సీట్లు అయిపోయాయి. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు. తార్నాకలో రైల్వే క్వార్టర్ల వెనక, రిటైరైన ఒక నర్సు ఇంట్లో గది దొరికింది. ఆవిడ మంచిదే. కానీ ఆసుపత్రిలో కాలిన ఒళ్ళు చూసీ చూసీ కిరసనాయిలు స్టవ్వంటే హడలిపోయేది. "గదిల పొయ్యి ముట్టించొద్దు బిడ్డా. ఏడన్న తిను, పండుకునేటందుకు ఈడికి రా" అని మొదటి రోజే తేల్చి చెప్పింది. అంతే, నా పొయ్యి ఆరిపోయింది.

పొద్దున ఒక బన్ను నమిలి కాలేజీకి పోయేదాన్ని. మధ్యాహ్నం ఆడపిల్లలంతా లేడీస్ వెయిటింగ్ రూమ్‌లో టిఫిన్ డబ్బాలు తెరిచేవాళ్ళు. పాపం, పిలిచేవాళ్ళు, పులిహోర పెట్టేవాళ్ళు. తిరిగి పెట్టడానికి నా దగ్గర డబ్బా ఉంటే కదా. నాలుగు రోజులు తిన్నాక మొహం చెల్లక, ఆకలి లేదని లేబరేటరీలోనే ఉండిపోవడం మొదలుపెట్టాను. ఇక మిగిలింది సాయంత్రం. లేబరేటరీ అయ్యాక యూనివర్సిటీ రాళ్ళ దారిలో తార్నాక చౌరస్తా దాకా నడిచి, అక్కడున్న ఇరానీ హోటల్లో తినాలి. రోజంతటికీ అదే అసలు తిండి.

ఆ హోటల్లో మగవాళ్ళు ఎవరైనా, ఎప్పుడైనా, ఒక్కరైనా వచ్చి కూర్చోవచ్చు. ఒక్క చాయ్ చెప్పి రెండు గంటలు రాజకీయాలు మాట్లాడొచ్చు. ఆడవాళ్ళు మాత్రం వెనకవైపు చెక్క గోడలు కొట్టిన రెండు చిన్న గదుల్లోనే తినాలి. వాటికి పచ్చ పరదాలు. బయట 'ఫ్యామిలీ రూమ్' అని రాసి ఉండేది. మొదటి సాయంత్రం నేను ఒక్కదాన్నే పోయి నిలబడితే సర్వర్ నా వెనక ఎవరున్నారోనని మెడ చాచి చూశాడు. నడివయసు మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండేది.

"ఫ్యామిలీ ఏరి అమ్మా?"

"ఒక్కదాన్నే."

"ఒక్కరికి రూమ్ ఇయ్యొద్దన్నడు సేటు. గిరాకీ టైము. ఇంకెవరన్న లేడీస్ వస్తే మీతోని కలిపి కూసబెడ్త. జర ఆగుండ్రి."

ఆగాను. పక్కనున్న పాన్ డబ్బా దగ్గర, పుస్తకాలు ఎదకు హత్తుకుని, వచ్చేపోయేవాళ్ళ చూపులన్నీ భరిస్తూ. రెండేళ్ళూ అదే కథ. ఎవరో ఒక ఇల్లాలు భర్తతో వచ్చేది, సర్వర్ పరుగున వచ్చి నన్ను కూడా ఆ పరదాలోకి తోసేవాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, మధ్యలో నేను రోటీ ముక్క ఖీమాలో ముంచుకుంటూ గోడ చూసేదాన్ని. ఒకసారి అంబర్‌పేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, బుర్ఖా పైకి మడుచుకుని, "ఇంత బక్కగున్నవేంది బేటీ" అని తన పళ్ళెంలో సగం నాకు వేసింది. ఆ రెండేళ్ళలో ఎంతమంది కుటుంబాల్లో మనిషినయ్యానో నాకే లెక్క లేదు.

నవ్వుకోవడానికి ఇప్పుడు బాగానే ఉంది. అప్పుడు ఒళ్ళు హూనమైపోయేది. తిండి బాగుండక కాదు. తినడం కోసం రోజూ నిలబడి, రోజూ ఎవరో దయ తలచేదాకా కాచుకోవడం వల్ల. రెండో ఏడాది చలికాలంలో వరసగా మూడు సాయంత్రాలు ఏ ఆడమనిషీ రాలేదు. మూడో రోజు గదికి తిరిగొచ్చి, చెంబుడు నీళ్ళు తాగి, ఊరికి ఉత్తరం రాశాను. "నాయినా, ఈ చదువు నా వల్ల కాదు. వచ్చి నన్ను తీసుకుపో." రాసి పెట్టె సర్దుకున్నాను. ఇంకో నాలుగు నెలల్లో పరీక్షలు. అయినా సరే, పోవాలనే అనుకున్నాను. అంత అలిసిపోయాను.

నాయిన శనివారం మధ్యాహ్నం వచ్చాడు. బస్సు ఉప్పల్లో దిగి, హబ్సిగూడ మీదుగా నడిచే వచ్చాడు. ఆయన పటేళ్ళ పొలాల్లో కూలి చేసేవాడు, ఆదివారాలు మా చర్చిలో గంట కొట్టేవాడు. చదువు రాదు. నా ఉత్తరం చర్చి పంతులు చదివి వినిపించాడట. కోప్పడతాడేమో అనుకున్నాను, ఎందుకంటే ఊళ్ళో మా పేట నుంచి ఇంత దాకా చదివింది నేనొక్కదాన్నే. ఆయన పెట్టె వైపు చూసి, "సరే తియ్యి, పొద్దుగూకక ముందే బస్సెక్కుదాం" అన్నాడు.  తిట్టి ఉన్నా ఇంత బాధపడేదాన్ని కాదు.

పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదని పెదాలు చూస్తేనే తెలుస్తోంది. హోటల్‌కి పోదాం రమ్మన్నాను.

"నేనెందుకు బిడ్డా. నువ్వు తినిరా. నేను గాడ రోడ్డు పక్కన కూసుంట."

"రా నాయినా! ఇక్కడ ఎవరూ ఏమీ అనరు" అని కసిరాను.

ఆయన భయం నాకు తెలుసు. మా ఊళ్ళో బస్సులు ఆగే చోట ఉన్న హోటల్లో మావాళ్ళకు గ్లాసులు వేరే. బయట చూరులో దోపి ఉండేవి. మా గ్లాసు మేమే తీసుకోవాలి, పైనుంచి చాయ్ పోస్తే నిలబడి తాగాలి, తాగిన గ్లాసు మేమే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. నాయిన పుట్టి బుద్ధెరిగాక కుర్చీలో కూర్చుని చాయ్ తాగిన మనిషి కాదు.

విచిత్రం చూడండి, ఆ రోజు సర్వర్ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇద్దరం కదా, ఫ్యామిలీ అయిపోయాం. తనే పరదా ఎత్తి పట్టుకుని "రాండ్రి, రాండ్రి" అన్నాడు. నాయిన తువ్వాలుతో కుర్చీ దులిపి, దాని అంచు మీద కూర్చున్నాడు. రోటీ, ఖీమా తెప్పించాను. ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మనమెవలమో అడగరా?"

"అడగరు."

"మరి పరద ఎందుకు?"

ఆడవాళ్ళు బయట కూర్చోకూడదు కాబట్టి అని చెప్పాను. ఒక్కదాన్నే వస్తే లోపలికి కూడా రానివ్వరని చెప్పాను. రెండేళ్ళ విసుగంతా వెళ్ళగక్కాను. ఆయన నిదానంగా నములుతూ విని, పరదా అంచు పట్టి చూశాడు.

"పరద మంచిగనే ఉన్నది బిడ్డా. ఎవలకు కానొస్తలేం. నిమ్మళంగ తింటున్నం."

నాకు ఒళ్ళు మండింది. నేను ఏ పరదా భరించలేక చదువు మానుకుంటున్నానో, అదే ఈయనకు హాయిగా ఉందా! సర్వర్‌ను పిలిచి చాయ్ చెప్పాను.

ఈలోగా బయట హాలు నిండింది. పరదాకు దగ్గరగా ఉన్న బల్ల దగ్గర గొంతులు గుర్తుపట్టాను. మా లేబరేటరీ అబ్బాయిలు ఇద్దరు. విద్యానగర్ వైపు ఉండేవాళ్ళు, సాయంత్రాలు ఇక్కడికి చాయ్‌కి వచ్చేవాళ్ళు. రెండేళ్ళుగా పక్కపక్క మైక్రోస్కోపుల దగ్గర కూర్చున్నా మేము పది మాటలు మాట్లాడుకుని ఉండం. ఆ రోజుల్లో అంతే.

నాయిన చాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు కాకుండా తాగాడు. కప్పూ సాసరూ పట్టుకుని లేచి, పరదా తప్పించుకుని బయటికి పోయాడు. చేతులు కడుక్కోవడానికనుకున్నాను, కప్పు ఎందుకు తీసుకుపోయాడో ఆలోచించలేదు. అప్పుడు వినిపించింది ఆయన గొంతు.

"అన్నా, కడిగెటి జాగ ఏడున్నది?"

"చేతులా? గాడ నల్ల ఉన్నది" అన్నాడు సర్వర్.

"చేతులు గాదు. ఇది."

 పరదా సందులోంచి చూశాను. బల్లల మధ్య నాయిన, రెండు చేతులతో కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మా అబ్బాయిల్లో ఒకడు, చెడ్డవాడేం కాదు, నవ్వుతూనే అడిగాడు.

"కప్పులు వాళ్ళే కడుక్కుంటరు పెద్దయ్యా! ఎవరితో వచ్చినవ్ నువ్వు?"

నాయిన పరదా వైపు చూశాడు. నన్ను చూశాడో, పరదానే చూశాడో నాకు ఈనాటికీ తెలియదు. మళ్ళీ ఆ అబ్బాయి వైపు తిరిగాడు.

"ఎవలతోని రాలే సారూ. ఒక్కన్నే వచ్చిన."

సర్వర్‌కు తెలుసు మేమిద్దరం కలిసి వచ్చామని. పరదా వైపు ఒకసారి చూసి, పెన్సిల్ చెవి మీద సర్దుకుని ఊరుకున్నాడు. నాయిన నల్ల దగ్గర కప్పు కడిగాడు, సాసర్ కడిగాడు, రెండూ గట్టు మీద బోర్లించాడు. లోపలికి రాలేదు. తలుపు దాటి రోడ్డవతలికి పోయి ఎండలో నిలబడ్డాడు.

నేను లేవాలి. అంతేగా, నాలుగడుగులు. లేవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నాయిన తువ్వాలు కుర్చీ మీదే ఉండిపోతే దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ అబ్బాయిలిద్దరూ చాయ్ తాగి, రెండోసారి చెప్పి, అది కూడా తాగి పోయేదాకా పరదా వెనకే కూర్చున్నాను. ఎంతసేపో. ఆ మొత్తంసేపూ నాకు కూడా పరదా మంచిగానే ఉంది. 

బయటికి వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. తువ్వాలు ఇచ్చాను. మొహం తుడుచుకున్నాడు.

"తిన్నవా కడుపు నిండ?" అన్నాడు. "ఆ పోరగాండ్లు నీతోని సదివెటోళ్ళా?"

"ఆఁ."

"అనుకున్న. నడువు, పెట్టె తెచ్చుకుందాం. బస్సుకు ఆలిస్యమైతది."

"నేను రాను నాయినా."

ఆయన నా మొహంలోకి చూశాడు. పరదా వెనక దాక్కున్నదాన్ని దాక్కున్నట్టే ఊరికి పోలేననిపించింది.  "ఉత్తరంల గట్ల రాస్తివి" అని మాత్రం అని, వచ్చిన దారినే హబ్సిగూడ వైపు నడిచి వెళ్ళిపోయాడు. తువ్వాలు తల మీద వేసుకుని మలుపు తిరిగేదాకా చూశాను. గదికి పోయి పెట్టె విప్పాను. ఆ రాత్రి నా మీద నాకు వచ్చిన అసహ్యం ఇంతా అంతా కాదు.

సోమవారం సాయంత్రం లేబరేటరీ అయ్యాక హోటల్‌కి పోయాను. సర్వర్ అలవాటుగా నా వెనక చూసి, "జర ఆగుండ్రి అమ్మా, ఎవరన్న వస్తే..." అన్నాడు.

"రూమ్ వద్దు. ఇక్కడ కూర్చుంటాను."

గల్లా దగ్గర సేటు తలెత్తాడు. ఏమంటాడోనని చూశాను. మళ్ళీ తల దించి చిల్లర లెక్కపెట్టుకోసాగాడు. ఇంతేనా! రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఇలా అని చూడలేదే అనుకున్నాను. పోయి, ఆ రోజూ చాయ్‌కి వచ్చి ఉన్న మా లేబరేటరీ అబ్బాయిల బల్ల దగ్గరే కుర్చీ లాక్కున్నాను. వాళ్ళ మొహాలు చూడాలి! ఒకడు పుస్తకాలు గబగబా ఒళ్ళోకి తీసుకున్నాడు. రెండోవాడు ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మొదలుపెట్టాడు.

"మొన్న శనివారం ఇక్కడ భలే తమాషా అయ్యిందండీ. ఒక పెద్దాయన వచ్చి, చాయ్ తాగి, కప్పు తనే కడిగి పెట్టిపోయాడు. పాపం, ఒక్కడే వచ్చాడట ఊరి నుంచి."

"ఒక్కడే రాలేదండీ" అన్నాను. "నాతో వచ్చాడు. మా నాయిన. మీరు అడిగినప్పుడు నేను ఆ పరదా వెనకే ఉన్నాను."

 సర్వర్ నా చాయ్ తెచ్చి పెట్టాడు. దాన్ని చివరిదాకా తాగి, లేచేటప్పుడు నా చెయ్యి కప్పు మీదికి దానంతటదే పోయింది. వెనక్కి తీసుకున్నాను. కప్పు అక్కడే వదిలేసి బయటికి వచ్చాను.