గేటు పక్కన తెల్లబడ్డ రాయి

పెద్ద టీచరమ్మ పోయిందన్న మాట నాకు బడి చప్రాసి చెప్పాడు. సెలవులకు బెజవాడలో తమ్ముడింటికి వెళ్లిన మనిషి, అక్కడే గుండె ఆగి పోయింది. మాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి.

నేను తార్నాకలో ఒకరింటికి అరుగు కడుతున్నాను. చప్రాసి సైకిల్ దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, ఎటో చూస్తూ చెప్పాడు.

"మేస్త్రీ, పెద్ద టీచరమ్మ ఇగ లేదు."

"ఎవడు చెప్పిండ్రా నీకు? చెప్పినోణ్ణి తీస్కరా ముందు!"

"ఆమె తమ్ముడు టెలిగ్రాం ఇచ్చిండే. నా చేతుల్తోనే తీసుకున్న."

నేను వాణ్ణి తిట్టాను. కబురు మోసుకొచ్చినవాడి తప్పేముంది? వాడు పెడల్ తొక్కుకుంటూ పోయాడు. ఆ పూట నేను మళ్లీ తాపీ పట్టలేదు. కలిపిన సున్నం గట్టిపడి పనికిరాకుండా పోయింది. సున్నం పాడు చేసే మేస్త్రిని నేను మేస్త్రి అనను. ఆ రోజు నేనే చేశాను.

బడి సంచికలో టీచరమ్మ గురించి రాయమని పిల్లలు వచ్చి అడిగారు. చదువుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లనడగండి అన్నాను. "వాళ్లు గొప్పగ రాస్తరు తాతా. నువ్వు ఉన్నది రాస్తవు," అంది ఒక పిల్ల. సరే. నా చదువు ఉర్దూ బడిలో మొదలై అక్కడే ఆగింది. తెలుగు అక్షరాలు దుకాణాల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకోండి. మాట మాత్రం మార్చకండి.

యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆ పెద్ద రాతి భవనం కట్టేటప్పుడు నేను వయసులో ఉన్నాను. రాయికీ రాయికీ నడుమ బ్లేడు దూరకుండా పేర్చిన చేతులివి. ఇప్పటికీ అటు వెళితే నేను కూర్చోబెట్టిన రాళ్ల దగ్గర ఆగి చూసి వస్తాను. ఈ గొప్పంతా ఎందుకంటే, అలాంటివాడి కళ్లెదురుగా టీచరమ్మ ఒక వంకర గోడ కట్టించింది. ఆ గోడ సంగతి చెబితేనే టీచరమ్మ సంగతి తెలుస్తుంది.

మా బడికి ప్రహరీ ఉండేది కాదు. బర్రెలు తిన్నగా తరగతిలోకి వచ్చేవి. టీచరమ్మ పెద్ద టీచరుగా వచ్చిన ఏడే క్యాంపస్‌వాళ్లను అడిగి, అక్కడ పడి ఉన్న రాతి ముక్కలను బండి మీద తెప్పించింది. చదువు ముగించుకుని వెళ్లే తరగతి ప్రతి ఏడూ ఆ రాళ్లతో ఒక ముక్క గోడ కట్టి వెళ్లాలి. ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి మీద తమ పేరు చెక్కాలి. వార్షికోత్సవం రోజు ఆ పేర్ల రాళ్లను గోడలో పెట్టాలి. ఇదీ టీచరమ్మ పెట్టిన ఆచారం. మొదటి ఏడాది వెళ్లిన పిల్లల్లో మా చిన్నబిడ్డ ఉంది. అలా నేను సున్నం, దారం, గోడ నిలువు చూసే తూకం గుండు పట్టుకుని వెళ్లాను.

పిల్లలు కట్టింది చూస్తే నాకు కడుపు మండింది.

"గిది గోడనా టీచరమ్మా? పాము పోయినట్టున్నది. విప్పి మళ్ల కడ్త."

"ముట్టుకోకండి మేస్త్రిగారూ. పిల్లల మీద పడకుండా చూడండి, చాలు."

"రేపు ఎవడన్న అడుగుతే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"పిల్లలు కట్టారని చెప్పండి. అదేం తక్కువ మాటా?"

నన్ను 'గారూ' అని పిలిచిన మనిషి అంతకు ముందు లేదు. తర్వాతా లేదు. అయినా ఆమె మీద కోపం చాలా ఏళ్లు పోలేదు. బౌద్ధనగర్ నుంచి వచ్చే మా పనివాళ్లు ఆ గోడ దగ్గర కావాలని ఆగేవాళ్లు. "మేస్త్రీ, ఈ ముక్క కట్టేనాడు కల్లు జర ఎక్కువైందా?" అనేవాళ్లు. గేటు స్తంభాలు రెండూ మాత్రం నేనొక్కణ్ణే కట్టాను. వాటి మీద పిల్లల చెయ్యి పడనివ్వలేదు.

టీచరమ్మ పొద్దున గంట కొట్టకముందే పెద్ద తరగతికి లెక్కలు చెప్పేది. అది కాగానే అదే సుద్ద చేత్తో గేటు దగ్గరికి వచ్చి, కుడి స్తంభంలో తన భుజమెత్తున ఉన్న రాయి మీద అరచెయ్యి ఆనించి, వచ్చే పిల్లలను చూస్తూ నిలబడేది. జడ వేసుకోకుండా వచ్చిన పిల్లను అక్కడే ఆపి తానే అల్లేది. వేరుశెనగలంటే ప్రాణం. కొంగులో మూట కట్టుకుని, ఎవరూ చూడడం లేదనుకుని నములుతూ ఉండేది. కుక్కలంటే భయం. కుక్క కనపడితే ఇంత మనిషీ చప్రాసి వెనక దాక్కునేది.

వార్షికోత్సవానికి బహుమతి వచ్చిన పిల్లతో పాటు తల్లినీ వేదిక ఎక్కించేది. తల్లులు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఎక్కేవాళ్లు. ఒక తల్లి ఎంత పిలిచినా రానని మొండికేస్తే, టీచరమ్మే దిగి ఆమె కూర్చున్న చాప దగ్గరికి వెళ్లి ఇచ్చింది. చెడుగుడు కప్పు, నాటకం, పాటలు అన్నీ అయ్యాక గోడ పని. ఆ తర్వాత అందరి ఇళ్ల నుంచి వచ్చిన అన్నాలు ఒకే వరుసలో పెట్టుకుని తినేవాళ్లం.

"మీ పేరు రాయి ఏదీ టీచరమ్మా?" అని ఒకసారి అడిగాను.

"అవి వెళ్లిపోయేవాళ్ల రాళ్లు. నేనెక్కడికి పోతున్నాను?" అంది.

కిందటేడు బడిలో మొదట వచ్చినవాడు యాదగిరి. వాళ్లమ్మ అడిక్‌మెట్‌లో పాలు పోస్తుంది. వాడు తన పేరు ఇంతింత అక్షరాలతో లోతుగా చెక్కాడు. "గంత పెద్దగ ఎందుకురా?" అంటే, "దూరంకెల్లి కనపడాలె తాతా," అన్నాడు. వేదిక మీద వాళ్లమ్మ నవ్వింది, ఏడ్చింది. వాడు క్యాంపస్‌లో కాలేజీలో చేరాడు.

ఆ తర్వాత తెలంగాణ కావాలని పిల్లలు రోడ్డెక్కారు. బడులు మూతపడ్డాయి. కళ్లు మండే పొగ మా వంటింట్లోకి వచ్చేది. వెళ్లిన పిల్లలు కొందరు తిరిగి ఇంటికి రాలేదు. టీచరమ్మది కోస్తా. మా బడిలో ఆ వైపు టీచర్లు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు. ఆమె సర్దుకోలేదు. పెద్ద తరగతిని తన వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పింది. నేను వెనక మాట్లాడే మనిషిని కాను. వెళ్లి మొహం మీదే అడిగాను.

"మా పిల్లలు అడిగేదాంట్ల తప్పేమున్నది టీచరమ్మా? మావోళ్లకు నౌకరీలు రాలే. నిజమా, కాదా?"

"నిజమే."

"మరి మీరు పోతరా?"

"వీళ్లకు లెక్కలు సగం మిగిలాయి. అవి పూర్తి కానివ్వండి. తర్వాత మీరే వచ్చి రైలెక్కించండి."

నవ్వుతూ అనలేదు. నేను అప్పుడూ పిల్లల వైపే, ఇప్పుడూ పిల్లల వైపే. టీచరమ్మ వైపు కూడా. రెండూ ఎట్లా కుదురుతాయని అడిగితే నాకు చెప్పడం రాదు.

ఒక మధ్యాహ్నం పోలీసులు తరుముతుంటే కాలేజీ పిల్లలు మా బడి పక్క నుంచి పరుగెత్తారు. కిందటేడు కట్టిన ముక్క ఇంకా వదులుగానే ఉంది. చేతికందిన రాళ్లు ఊడబీకి విసిరారు. ఒక రాయి పోలీసు వ్యాను అద్దం పగలగొట్టుకుని లోపలికి పోయింది. డ్రైవరు నుదురు చీలింది. రాయి తిప్పి చూస్తే దాని మీద యాదగిరి పేరుంది. సాయంత్రానికి వాణ్ణి ఇంటి నుంచి పట్టుకుపోయారు.

వాళ్లమ్మ పాల క్యాను చేతిలో ఉండగానే టీచరమ్మ వరండాకు పరుగెత్తుకొచ్చింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"రాయి మీద పేరున్నదంట టీచరమ్మా! పేరున్నోడే ఏసిండంటున్నరు! నా కొడుకు బతుకు ఆగమైతది!"

నేను ఆగలేకపోయాను. "నన్ను సక్కగ కట్టనిస్తే ఆ రాయి ఊడేదేనా? అప్పుడే మొత్తుకున్న గదా!" అని టీచరమ్మ మీద అరిచాను.

"మీరన్నది నిజమే మేస్త్రిగారూ. నాది తప్పే. ఇప్పుడు నాతో రండి," అని చెప్పులేసుకుంది.

ఠాణాలో ఎస్సై బల్ల మీద ఆ రాయి ఉంది. యాదగిరి మూలన కింద కూర్చున్నాడు. చొక్కా వీపు మీద చిరిగి ఉంది. తల ఎత్తలేదు.

"పేరున్నది గదమ్మా. గింత సాఫ్‌గ చెక్కి మరీ ఏసిండు," అన్నాడు ఎస్సై.

"విసిరేవాడు పేరు చెక్కి విసురుతాడా బాబూ?"

"ఇప్పటి పోరగాళ్లకు భయమేడిదమ్మా?"

"ఆ పేరు చెక్కించింది నేను. ఉలి ఇచ్చింది ఈ మేస్త్రిగారు. మమ్మల్ని కూడా కూర్చోబెట్టండి."

నన్ను మాట వరసకైనా అడగకుండా ఠాణాలో కూర్చోబెట్టేసింది మహాతల్లి! చేసేదేముంది, యాదగిరి పక్కన కింద కూర్చున్నాను. ఎస్సై ఆమె వైపు వింతగా చూశాడు.

"మీరు ఆంధ్ర నుంచి వచ్చినోళ్లు. వీళ్లు మిమ్మల్నే పొమ్మంటున్నరు. మీకెందుకమ్మా ఈ లొల్లి?"

"వీడు నా బడి పిల్లాడు. ఒక్కసారి వచ్చి మా గోడ చూడండి. తర్వాత మీ ఇష్టం."

ఏమనుకున్నాడో, టార్చి పట్టుకుని వచ్చాడు. గోడ వెంట నడుస్తూ ఒక్కొక్క పేరూ చదివాడు. వెనకొచ్చిన కానిస్టేబులు ఒక రాయి దగ్గర ఆగి, "సాబ్, ఇది మా మేనకోడలు," అన్నాడు సిగ్గుపడుతూ. ఎస్సై టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"ఏందమ్మా, ఈ గోడ మొత్తాన్ని లోపలెయ్యాల్నా?"

"వేస్తే అందర్నీ వెయ్యండి," అంది టీచరమ్మ.

తెల్లారి యాదగిరిని వదిలేశారు. వీపు మీద లాఠీ వాతలతో వచ్చాడు. రాయి కూడా తిరిగిచ్చారు. దాన్ని నేనే మోసుకొచ్చాను. దారిలో టీచరమ్మను అడిగాను.

"నిజంగ వాడే ఏసిండేమో. అడగరా?"

"అడిగితే వాడు నాకు అబద్ధమైనా చెప్పాలి, నిజమైనా చెప్పాలి. రెండూ వాడికి కష్టమే."

ఆమె అడగలేదు. నేనూ అడగలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. టీచరమ్మ ఆ వ్యాను డ్రైవరును చూడడానికి ఆసుపత్రికి వెళ్లింది. ఆ పని ఇక్కడ ఎవరికీ నచ్చలేదు. నాకూ నచ్చలేదు. డ్రైవరుకూ పిల్లలున్నారని ఆ తర్వాత ఆలోచిస్తే తోచింది.

ఈ ఏడు వార్షికోత్సవం వద్దని బడి కమిటీ అంది. గొడవలు కాస్త సద్దుమణిగిన ఒక వారం చూసి టీచరమ్మ చేసి తీరింది. చాపలు సగం ఖాళీ. కొందరు భయపడి రాలేదు, కొందరు టీచరమ్మ చేస్తున్నదని రాలేదు. పరీక్షలే జరగకపోతే మొదటి బహుమతి ఎవరికి? వరండాలో కూర్చుని చదువుకున్న పిల్లలందర్నీ, వచ్చిన తల్లులందర్నీ ఒకేసారి వేదిక ఎక్కించింది. చెక్క వేదిక కిర్రుమంది. "దిగండి, దిగండి, కూలుతది!" అని నేను కింద నుంచి అరుస్తుంటే అందరూ నవ్వారు. ఈ ఏడు అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

తర్వాత పడిపోయిన ముక్కను మళ్లీ కట్టాం. రోడ్డు మీద దొరికిన రాళ్లన్నీ పిల్లలు ఏరి తెచ్చారు. యాదగిరి తన రాయిని పేరు లోపలివైపుకు తిప్పి పెట్టాడు.

"పేరు బయటికి పెట్టరా," అంది టీచరమ్మ.

"వద్దు టీచర్."

"ఎందుకని?"

వాడు రాయి మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. ఆమె పక్కనే నిలబడింది. చివరికి వాడే రాయిని తిప్పాడు. ఈసారి సున్నం నేను దగ్గరుండి నిండుగా పెట్టించాను. టీచరమ్మ చూసి కూడా వద్దనలేదు.

ఆ సెలవులకే ఆమె బెజవాడ వెళ్లింది. రైలెక్కించడానికి నేను వెళ్లలేదు. తిరిగొచ్చే మనిషికి ఎక్కించడమేమిటనుకున్నాను.

బడి తెరిచాక గోడలో ఆమె పేరు పెట్టాలని పిల్లలు అడిగారు. కమిటీలో పెద్దమనుషులు రెండుగా చీలారు. "మన పిల్లల గోడల ఆంధ్రామె పేరెందుకు?" అన్నాడొకాయన. "గోడ కట్టిచ్చిందే ఆమె గదా?" అన్నాడు ఇంకొకాయన. కుర్చీలు లేచాయి. తగవు ఇంకా తేలలేదు. తేలుతుందని నాకు నమ్మకమూ లేదు.

మొన్న సాయంత్రం యాదగిరి ఉలి, సుత్తి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"కమిటీవోళ్లనడిగేది ఏంది తాతా? మనమే చెక్కుదాం, పా."

వెళ్లాం. మబ్బు కమ్ముకుని ఉంది. గేటు కుడి స్తంభంలో ఆమె చెయ్యి ఆనించిన రాయి చూపించాను. ఇన్నేళ్ల సుద్ద ఆ గరుకులో ఇంకిపోయి, ఒక అరచెయ్యంత మేర తెల్లగా ఉంది. ఏటా వాన కడిగేది, ఆమె చెయ్యి మళ్లీ తెల్లబరిచేది. యాదగిరి రాయి మీద ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తాడు. మళ్లీ దించాడు.

"కొడ్తె గీ సుద్ద రాల్తది తాతా."

అంతలో వాన మొదలైంది. నేను భుజం మీది తువ్వాలు తీసి రాయి మీద కప్పి రెండు చేతులతో పట్టుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి.

"నువ్వు ఇంటికి పో, తడుస్తవు," అన్నాను.

వాడు పోలేదు. వచ్చి తువ్వాలు రెండో కొస పట్టుకున్నాడు. తువ్వాలు నానిపోయింది. దాని అంచు కింద నుంచి తెల్లటి నీళ్లు స్తంభం మీదుగా సన్నగా దిగుతున్నాయి.