లోపల నిలవని ప్రొటీన్

మా బంధువుల్లో నేను డాక్టర్ని. జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలో నాకే తెలియదు. అయినా పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి ఫోన్లే ఫోన్లు. ఒకరు మోకాలి నొప్పంటారు, ఇంకొకరు షుగరంటారు. "నేను చూసేది కణాల్ని, మనుషుల్ని కాదు మహాప్రభో" అంటే వినేవాళ్ళెవరు?

నిజానికి నేను చూసేది కణం కన్నా చిన్నది. కణంలో కేంద్రకం ఉంటుంది, దాని గోడకు ద్వారాలుంటాయి. పెద్ద ప్రొటీన్లు లోపలికి పోవాలంటే వెంటబెట్టుకుని తీసుకుపోయేవి ఉండాలి. చిన్నవాటికి ఆ బాధ లేదు, వాటంతటవే దూరిపోతాయి. దూరినంత సులువుగా బయటికీ వచ్చేస్తాయి. లోపలున్న డీఎన్‌ఏనో, ఇంకొకదాన్నో గట్టిగా పట్టుకున్నవే అక్కడ నిలుస్తాయి. బెంగళూరులో మా ల్యాబ్‌కి ఎవరొచ్చినా కూర్చోబెట్టి ఈ సంగతి మీద ఎంత ఉపన్యాసం దంచేవాణ్ణో! అప్పట్లో భలే సరదాగా ఉండేది.

తర్వాత మా అక్క కూతురికి ఒంట్లో బాగాలేకుండా పోయింది. అక్కను దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఇంటికిచ్చాం. రెండేళ్ళ పిల్ల, చక్కగా నడిచేది, "మామా" అని పిలిచేది. చూస్తుండగానే మాట పోయింది, నడక తడబడింది. ఆసుపత్రులన్నీ తిరిగాక జన్యుపరీక్ష చేయించారు. ఆ రిపోర్టు అక్క నా ఫోన్‌కి పంపింది. చదవగానే నాకు అర్థమైపోయింది. మెదడు కణాల్లో ఉండే ఒక ప్రొటీన్‌లో ఒకే ఒక్క తప్పు. అది కేంద్రకంలోకి పోతుంది, కానీ డీఎన్‌ఏను పట్టుకోలేదు. నా ఖర్మ కాకపోతే, లోకంలో ఇన్ని జబ్బులుండగా నాకు బాగా తెలిసిన జబ్బే పిల్లకు రావాలా?

అదే తప్పుతో ఆ ప్రొటీన్‌ను ల్యాబ్‌లో తయారుచేశాను. ఆకుపచ్చగా మెరిసేలా చేసి కణాల్లో పెట్టాను. ఎందుకు చేశావంటే చెప్పలేను, ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. సంగతి తెలిసి అక్క తానూ చూస్తానంది. మా సార్‌ని అడిగి ఒక శనివారం మైక్రోస్కోప్ గదికి తీసుకెళ్ళాను. పిల్ల ఆమె ఒళ్ళోనే ఉంది.

ముందు కేంద్రకం, దాని ద్వారాల సంగతి చెప్పి, మంచి ప్రొటీన్ ఉన్న కణాలు చూపించాను. తెర మీద కేంద్రకాలు మాత్రమే ఆకుపచ్చగా మెరిశాయి. తర్వాత తప్పున్నది చూపించాను. ఆ రంగు కణమంతా పల్చగా పరుచుకుని ఉంది.

"లోపలికి పోతా ఉండాది గదప్పా?" అంది అక్క.

"పోతాదక్కా. నిలవదు."

"వాకిళ్ళు మూసేస్తే?"

"మూస్తే కణమే చచ్చిపోతాదక్కా. వచ్చిపోయేవి ఇంకా శానా ఉండాయి."

అక్క తెర మీద ఆ పల్చటి రంగును వేలితో చూపించింది. "దీన్ని చెడిపింది నువ్వే గదా? చెడిపేది వచ్చినోడికి బాగుచేసేది రాదా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. విదేశాల్లో ఏవో ప్రయత్నాలు జరుగుతున్నాయని, మంచి ప్రొటీన్ ఎక్కువైనా పిల్లకు ప్రమాదమేనని, మెదడులో కోటానుకోట్ల కణాలకు కొలిచినట్టు చేర్చాలని, ఆ మందు మన దాకా ఎప్పటికొస్తుందో తెలియదని ఏదేదో చెప్పుకుపోయాను. నేను ఆపాక, అక్క మైక్రోస్కోప్ మీద ఆ కణాలున్న ప్లేటు వైపు చూపించింది.

"మరి ఈ చెడిపోయిందాన్ని ఏం చేస్తావు?"

"ఏముందక్కా, పారేసి ఇంకొకటి చేసుకుంటాం."

మాట జారాక గానీ నాకు తెలియలేదు. నాలుక కరుచుకున్నాను. అక్క లేచి పిల్లను భుజాన వేసుకుంది.

"మా అత్త కూడా ఇదే చెప్తా ఉండాది" అంది. "మాకు ఇంకొకటి వద్దప్పా. ఇదే కావాల."