రాణి ఫోటోతో కలకత్తాకు

ముఖం బాగుచేయించుకోవడానికి నేను కలకత్తా వెళ్ళాను. అంతకుముందు అదేం గొప్ప ముఖమని కాదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో క్రేను గొలుసు తెగి కొక్కెం తగిలాక ఎడమ బుగ్గ లోపలికి పోయింది, దవడ పక్కకు జరిగి అలాగే అతుక్కుంది. మా చిన్నపిల్ల పార్వతి నన్ను చూస్తే తల్లి కొంగులో దూరేది. గూట్లో ఉన్న నా పాత ఫోటోనే నాన్నా అని పిలిచేది. జీతం తెచ్చేది నేను, ముద్దులు దానికి.

దెబ్బ తగలకముందు తీసిన ఫోటో తెమ్మని కలకత్తా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మా ఇంట్లో ఉన్నది అదొక్కటే. దసరాకి ఇక్కడి తెలుగువాళ్ళం వేసే నాటకాల్లో ఆడవేషాలూ మగవాళ్ళవే. జడ, ముక్కుపుడక, పట్టుచీరతో అందులో నేను రాణిని. గూట్లోంచి తీస్తుంటే పిల్ల ఏడుపు. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఫోటో బద్రంగా తే. పిల్ల దాన్నే అడుగుతాది" అంది. నా సంగతి ఎత్తలేదు.

పొద్దున్నే ఆరున్నర లోకల్ ఎక్కాం. తోడు మా బావమరిది అప్పలరాజు. నాకు రైల్వే పాసు, వాడికి టికెట్టు. ఎదుటి సీటులో ఒక బెంగాలీ ముసలమ్మ ఎవరు కొట్టారని అడిగింది. క్రేను అన్నాను. పోలీసులకి చెప్పావా అంది. మేచేదా స్టేషన్లో మరమరాలు కొన్నాం. నేను ఒక పక్క పళ్ళతోనే నములుతూ కూర్చునేసరికి అప్పలరాజు తనవీ నావీ ముగించాడు. హౌరాలో దిగి ట్రాము ఎక్కేవాళ్ళు వెనక పెట్టె ఎక్కండి, టికెట్టు తక్కువ.

డాక్టరు ఫోటో చూసి, చెల్లెలా అని హిందీలో అడిగాడు.

"నేనే సార్. రెండో అంకంలో."

ఆయన నవ్వలేదు. ఫోటో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఈ బుగ్గ ఎత్తు నిజమా, రంగు మహిమా అన్నాడు. ఎముక నాదే, రంగు మేకప్ వాడిదని చెప్పాను. ఇంకేం కావాలన్నాడు.

"అందం వద్దు సార్. మా పిల్ల జడుసుకోకుండా ఉంటే చాలు."

తుంటి నుంచి ఎముక ముక్క తీసి బుగ్గలో పెట్టారు. కూర్చునే చోటుదీ ముఖానిదీ ఒకటే సరుకని నాకు ముందే అనుమానం. దవడ మళ్ళీ విరిచి సరిచేసి, పై పళ్ళకీ కింది పళ్ళకీ తీగలు చుట్టారు. పళ్ళ సందుల్లోంచి గంజి, పాలు. మాట లేదు.

కొన్ని వారాలకి ఇంటికి పంపారు. తిరుగు బండిలో అప్పలరాజు పెట్టెలో అందరికీ చెప్పాడు: "మా బావ నోరు కట్టీసినారు. మా ఝపటాపూర్ పేటకి పండగే." జవాబు గొంతు దాకా వచ్చి తీగల దగ్గర ఆగింది. ఈ దారిన వెళ్ళాల్సినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: మామూలు బట్టల్లో ఒక ఫోటో తీయించి ఉంచుకోండి.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద మా ఆవిడ, కొంగు వెనక పార్వతి. పేరు పెట్టి పిలుద్దామంటే నోరు లేదు. ఫోటో తీసి పిల్లకి చాపాను. అందుకుంది. దాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ దాన్ని చూసింది.

"నాన్నా, నీ సీర ఏదీ?"

ఫోటో తల్లి చేతిలో పెట్టి చేతులు చాపింది. ఎత్తుకుంటే ఎముక తీసిన తుంటి మీదే కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత నొప్పి. ఇంటి దాకా దించలేదు.