ముగ్గు లేని వాకిలి

మీ ఇంట్లో వస్తువు పోతే మీ నోట మొదట వచ్చే పేరు ఎవరిది? తొందరపడకండి, నిజం చెప్పండి. అంట్లు తోమే మనిషిదా, మీ సొంత తమ్ముడిదా? తమ్ముడి పేరు రాదు. నా ఉద్యోగకాలమంతా ఎన్నో ఫిర్యాదులు రాసుకున్నాను, ఒక్క తమ్ముడి పేరూ వినలేదు. ఒకసారి నేనూ ఆ మొదటి పేరునే నమ్మాను. అందుకే ఇది రాస్తున్నాను.

1979 ఎండాకాలంలో నన్ను హనుమకొండలోని ఒక స్టేషనుకు సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. స్టేషనుకు ఆ హోదావాడే అధికారి. పాతతరం వాళ్ళు నిజాం కాలపు అలవాటు కొద్దీ 'అమీన్ సాబ్' అనేవారు. స్టేషను పరిధిని బీట్లుగా విడగొట్టి ఒక్కొక్క బీటును ఒక కానిస్టేబులుకు అప్పగిస్తారు. అతను తిరిగిన వేళా, చూసిన సంగతీ బీటు పుస్తకంలో రాయాలి. నేను ఆ పుస్తకాలు తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఒకే వాక్యం: 'బీటు తిరిగితిని, అంతా సవ్యము.'

అంతా సవ్యమైన అలాంటి ఒక బీటులో, నాలుగు గల్లీల కాలనీలో, నెలన్నరలో మూడిళ్ళు దోచుకుపోయారు. మూడూ పగటి దొంగతనాలే. మూడిళ్ళవాళ్ళూ ఊళ్ళో లేరు. ఒకరు పాలంపేటలో పొలం పనికి, ఒకరు పరకాలలో చుట్టాలింటికి, మూడోవారు నెక్కొండలో పెళ్ళికి పోయారు. విచిత్రమేమిటంటే ఎక్కడా తాళం పగలలేదు. వేసిన తాళం వేసినట్టే ఉంది, లోపల బీరువా మాత్రం ఖాళీ. 'తాళంచెవి ఎక్కడ పెట్టారు?' అని అడిగితే మూడిళ్ళ యజమానులూ ఒకే మాట చెప్పారు: 'మా దగ్గరే ఉంది.'

తాళం పగలకపోతే పోలీసు బుర్ర ఒకే దారిలో పోతుంది: ఇంట్లోకి వచ్చిపోయేవాళ్ళ పని. ఆ దారిలో నాకంటే ముందు ఇంకొకడు పోయాడు. మూడో ఇల్లు బట్టల వ్యాపారిది. ఆయన భార్య శకుంతల గారు నాకు ఫిర్యాదు ఇవ్వడానికి ముందే అంజనం వేసేవాణ్ణి పిలిపించారు. వాడు తమలపాకు మీద కాటుక పూసి, అందులోకి చూసి, 'ఆడమనిషి, చామనచాయ, మీ ఉప్పు తిన్నది' అన్నాడట. ఆ మూడు గుర్తులకూ సరిపోయేవాళ్ళు ఆ కాలనీలో సగం మంది ఉంటారు. శకుంతల గారికి మాత్రం ఒక్కతే కనిపించింది. ఆ ఇంట్లో అంట్లు తోమి, వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేసే కొమురమ్మ.

కాలేజీ రోజుల్లో నేను అంజనాల మీద, సోదెల మీద చర్చావేదికలెక్కి బల్లలు గుద్దినవాణ్ణి. ఆ రోజు ఏం చేశాను? కొమురమ్మను స్టేషనుకు పిలిపించాను. స్త్రీని ప్రశ్నించాలంటే ఆమె ఉండే చోటికే మనం వెళ్ళాలని చట్టం. ఆ సెక్షను నాకు నోటికి వచ్చు. అయినా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆమెను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను. దారిన పోయేవాళ్ళంతా చూశారు. ఆమె పనిచేసే అయిదిళ్ళలో నాలుగు ఆ పూటే ఆమెను వద్దనుకున్నాయి. అంజనం వాడు కాటుకలోకి చూశాడు, నేను నా అలవాటులోకి చూశాను. ఇద్దరికీ కనిపించింది ఒకే మనిషి. ఇక మా ఇద్దరికీ తేడా ఏమిటి?

అడిగిందే పదోసారి అడిగినప్పుడు కొమురమ్మ లేచి నిలబడింది.

"అమీన్ సాబ్, మూడిండ్లు దోసుకపోయిండ్రు గద. నేను పని జేసేది అండ్ల ఒక్క ఇంట్లనే. మిగిలిన రెండిండ్ల గడప నేను తొక్కనే తొక్కలె. మీ కాయితాలల్ల గది రాసుకోలేదా?"

రాసుకోలేదు. మూడు కేసుల ఫైళ్ళూ నా బల్ల మీదే ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

"దొంగ ఎవలో నాకు తెల్వది సారూ. కని వాడేం జూసుకుంట పోతాండో తెలుసు. ముగ్గు లేని ఇల్లు జూసుకుంట పోతాండు," అంది. మా హెడ్ కానిస్టేబులు యాదగిరి ఫక్కున నవ్వాడు. ఆమె అతని వైపు తిరిగింది. "నవ్వుతవేంది జమేదారూ, రేపు పొద్దుగాల నా ఎంబడి రా. నీ పుస్తకంల లేనిది వాకిట్ల జూపిస్త."

మర్నాడు పొద్దున ఏడు గంటలకు యాదగిరీ నేనూ యూనిఫాం లేకుండా కొమురమ్మ వెంట వెళ్ళాం. నాలుగు గల్లీలూ తిరిగాం. ప్రతి గడప ముందూ తడి ఆరని ముగ్గు ఉంది. మూడో గల్లీలో ఒక్క వాకిలి మాత్రం పొడిగా, దుమ్ముతో ఉంది. ఆ ఇంటివాళ్ళు ఎక్కడని, గల్లీలో ఎదురైన బీటు కానిస్టేబుల్ని అడిగితే ఇంట్లోనే ఉన్నారన్నాడు. "నిన్న పొయిండ్రు," అంది కొమురమ్మ. తలుపు దగ్గరికి వెళ్ళి చూస్తే తాళం ఉంది. వాళ్ళు ఆ సాయంత్రమే తిరిగి వచ్చారు కాబట్టి బతికిపోయారు.

ఇందులో ఒక ఆచారం ఉంది. మనుషులు ఊరికి పోయాక ఆ వాకిలి ఊడవకూడదు, చల్లకూడదు, ముగ్గు వేయకూడదు, వేస్తే పోయినవాళ్ళకు కీడు అంటారు. పనిమనిషికి కూడా వద్దని చెప్పిపోతారు. శకుంతల గారూ అలాగే చెప్పారు. అంటే ఏమిటి? 'మేము లేము, మధ్యాహ్నం రండి' అని దొంగకు వాకిట్లో బోర్డు పెట్టిపోవడం. బంగారాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు ఆ ఒక్క ముక్కను రోడ్డు మీద పరిచిపోతున్నారు. ఇది పుస్తకాల్లో చదివి నేను కనిపెట్టింది కాదు. తెల్లవారితే వంగి ముగ్గు వేసే మనిషి కనిపెట్టింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారికి చెబితే, "ముగ్గుల మీద కేసు రాస్తావేమయ్యా?" అన్నారు. వారం రోజులు గడువు అడిగాను, ఇచ్చారు.

ఉపాయం సులువైనదే. ఒక ఇంట్లో మనుషులుండగానే వాకిలి ఖాళీగా వదిలి, బయట తాళం వేయించి, లోపల కాపు కాయాలి. కానీ ఆ వాకిలి ఎవరిస్తారు? ఆదివారం పొద్దున కాలనీవాళ్ళను కూర్చోబెట్టి అడిగాను. మగవాళ్ళు ఆడవాళ్ళ వైపు చూశారు. ఆడవాళ్ళు నేల వైపు చూశారు. "మనుషులుండంగ ముగ్గు లేకుంటే అది సావు ఇల్లు లెక్క సార్," అన్నారు శకుంతల గారు. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"నా ఇల్లు రాసుకో నాయినా."

ఆమె రాజేశ్వరమ్మ గారు. ఆడపిల్లల బడిలో హెడ్ మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. అందరూ పంతులమ్మ అనేవారు. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. "సావు నా గడప తొక్కిన్నాడు వాకిట్ల పద్మం ముగ్గు ఉండె. అది జూసి ఎనుకకు పోలేదు," అన్నారు. ఆమె నా వైపు తిరిగి, "తాళం ఎయ్యి, చెవి మాత్రం గూట్ల పెట్టు, అందరు పెట్టినట్టు," అన్నారు.

"అందరూనా?" అన్నాను.

దర్వాజ పక్కన దీపం పెట్టుకునే గూడు ఉంటుంది. ఊరికి పోయేటప్పుడు, పల్లె నుంచి చుట్టం వస్తే బయట నిలబడకూడదని, చెవి ఆ గూటిలో దీపపు ప్రమిద కింద పెట్టిపోతారట. నేను ఒక్కొక్కరి ముఖమే చూశాను. బట్టల వ్యాపారి మెడ గోక్కున్నాడు. తక్కిన ఇద్దరూ తలలు దించుకున్నారు. 'మా దగ్గరే ఉంది' అన్నది అబద్ధం. తమ తెలివితక్కువతనం బయటపడుతుందని ముగ్గురూ చెవి సంగతి దాచారు. ఆ అబద్ధం కింద కొమురమ్మ నలిగిపోయింది. ప్రతి ఇల్లూ తనకొక్కదానికే తెలిసిన రహస్యమనుకున్నది ఆ ఒక్క గూడే!

సోమవారం నుంచి పంతులమ్మ వాకిలి ఖాళీగా ఉంది. తెల్లవారగానే యాదగిరి లోపలికి వెళ్ళేవాడు. కొమురమ్మ బయట తాళం వేసి, చెవి గూట్లో పెట్టి పోయేది. నేను ఎదురింటి కిటికీ దగ్గర ఉండేవాణ్ణి. పొద్దున పూట సైకిలు మీద అగరుబత్తులు అమ్మేవాడొకడు గల్లీలు తిరిగేవాడు. వాడు మామూలుగా కనిపించే మనిషే, ఎవరి కంటా పడేవాడు కాదు. మూడో రోజు వాడు పంతులమ్మ వాకిలి ముందు సైకిలు ఆపి, చైను సరిచేసుకున్నట్టు వంగి, వెళ్ళిపోయాడు.

ఎండకు తలుపులన్నీ మూసుకున్న వేళ మళ్ళీ వచ్చాడు. ఇటూ అటూ చూడలేదు. చెయ్యి నేరుగా గూటిలోకి పోయింది. తాళం తీసి లోపలికి అడుగు పెట్టాడు. ఎదురుగా కుర్చీలో పంతులమ్మ చాయ్ తాగుతున్నారు.

"రా బిడ్డా, ఎవరింటికొచ్చినవు?" అన్నారట.

వాడు వెనక్కి తిరిగేసరికి తలుపు చాటు నుంచి యాదగిరి వచ్చాడు, గుమ్మం బయట నేనున్నాను. పంచనామా అక్కడే రాశాం. వాడి గదిలో పట్టుచీరలు, ట్రాన్సిస్టరు దొరికాయి. పోయినవాటిలో ఒక వెండి గ్లాసు మాత్రం దొరకలేదు. పోయినచోటల్లా తాళం మళ్ళీ వేసి, చెవి మళ్ళీ గూట్లోనే పెట్టేవాణ్ణని ఒప్పుకున్నాడు. 'అట్ల జేస్తే ఇంటోళ్ళు పనోళ్ళనే అనుమానిస్తరు సార్' అన్నాడు. దొంగకు మన గురించి అంత బాగా తెలుసు!

ఆ సాయంత్రం కొమురమ్మ ఇంటికి నేనే వెళ్ళాను, చట్టం చెప్పినట్టు. కేసులో నీకు సంబంధం లేదని కాగితం రాసిస్తానన్నాను.

"కాయితం నాకెందుకు సారూ, నేను సదువుకున్ననా? నన్ను ఠాణాల కూసుండవెట్టినప్పుడు గల్లీ అంత జూసింది. ఇప్పుడు గల్లీ అంత ఇనాలె. నా పేరు నాకు గావాలె."

న్యాయమైన మాట. మర్నాడు పొద్దున, ముగ్గులు వేసే వేళకే, యూనిఫాంలో వెళ్ళి నాలుగు గల్లీల మొగదలలోనూ నిలబడి గట్టిగా చెప్పాను: కొమురమ్మ ఏ తప్పూ చేయలేదు, ఆమెను స్టేషనులో కూర్చోబెట్టిన తప్పు నాది, దొంగను చూపించింది ఆమే. సబ్ ఇన్‌స్పెక్టరు అలా చెప్పడం మా శాఖలో అలవాటు లేదు. దాని వల్ల నా నక్షత్రాలు రాలిపోలేదు. మూడో గల్లీలో శకుంతల గారు బయటికి వచ్చి, "రేపటి సంది రా కొమురమ్మా," అన్నారు. "వస్తనమ్మా. కని మీరు ఊరికి పోయినా వాకిట్ల సాన్పి సల్లుత, ముగ్గేస్త. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి," అంది కొమురమ్మ. శకుంతల గారు వద్దనలేదు.

అక్కడి నుంచి కాలనీకి ఒక పద్ధతి ఏర్పడింది. ఊరికి పోయేవాళ్ళు బీటు కానిస్టేబులుకు చెప్పాలి. అతను 'తాళం వేసిన ఇళ్ళు' అని వేరే పుస్తకంలో రాసుకుని, పగలు రెండుసార్లు ఆ ఇంటి ముందు నుంచి పోవాలి. చెవి గూట్లో కాదు, పక్కింటివాళ్ళ చేతిలో పెట్టాలి. ఆ పక్కింటివాళ్ళే పొద్దున్నే ఆ వాకిట్లో ముగ్గు వేయాలి. కీడు జరుగుతుందని మొదట భయపడ్డారు. కొమురమ్మా పంతులమ్మా నాలుగైదు ఇళ్ళకు వేసి చూపించారు. ఊళ్ళకు పోయినవాళ్ళంతా క్షేమంగా తిరిగి వచ్చారు. నేను బదిలీ అయ్యేదాకా ఆ నాలుగు గల్లీల్లో తాళం వేసిన ఇంట్లో ఒక్క వస్తువూ పోలేదు. నా సర్వీసులో పతకాలు రాని పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది ఇదే.

ఆ కేసు నాకు నేర్పిందింతే: నేరాన్ని ఆపేది లాఠీ కాదు, తాయెత్తు అంతకంటే కాదు. పొరుగువాడి వాకిలి మీద ఉండే కన్ను ఆపుతుంది. ఆ కన్ను తరచుగా మనం అనుమానించే మనిషికే ఉంటుంది.

ఇక మీ వంతు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీ ఇంటి తాళంచెవి దాచిన చోటు నుంచి తీయండి. బయటికి వెళ్ళి, మీ వాకిలి రోడ్డుకు ఏం చెబుతోందో చూడండి. పక్కింటి తలుపు తట్టి, రేపు ఎవరు ఎవరి ఇల్లు చూడాలో మాట్లాడుకోండి. ఎప్పుడైనా వస్తువు పోయి మీ నోట ఒక పేరు వస్తే, ముందు దాని పక్కన రుజువు రాయండి. రాయలేకపోతే నోరు మూసుకోండి.