చాయ్ తాగని కార్పొరేటరు

మా ముత్తాత నిజాం సర్కారు గుర్రపుశాలలకు దారోగా. అరవై గుర్రాలూ, వాటిని చూసుకునే మనుషులూ ఆయన మాట మీద కదిలేవారట. తాతగారు వకీలు, ఆయన ఫార్సీలో రాసిన అర్జీని ఏ దఫ్తరులోనూ తిప్పి పంపలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. హుస్సేనీ ఆలంలో మా దేవిడీ ముందు నుంచి పోయేవాళ్ళు సైకిలు దిగి నడవడం చిన్నతనంలో నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఆ దేవిడీలో మిగిలిన రెండు మేడగదుల్లో నేను ఉంటున్నాను.

మొన్నటి వాన వెలిశాక కిటికీ తీస్తే, వెనక గల్లీలో మోకాళ్ళు దాటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళలో సల్వారు పైకి మడుచుకుని, ఎవరిదో నులకమంచాన్ని ఒక చివర పట్టుకుని మోస్తున్న మనిషిని పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది. ఆమె ఒకప్పుడు మా వార్డు కార్పొరేటరు. ఓడిపోయి కొన్నేళ్ళయింది. ఎన్నికలు దగ్గరలో లేవు. కిటికీ రెక్క ఓరగా వేసి, ఫొటో తీసేవాడు ఎక్కడైనా ఉన్నాడేమోనని చాలాసేపు చూశాను. ఎవరూ లేరు.

వెనక గల్లీలో బర్రెలు పెట్టుకుని బతికే కుటుంబం వాళ్ళది. ఆమె తల్లే మాకు పాలు పోసేది. రోజూ ఆ తల్లి ఎదుటే వేలు ముంచి పాల చిక్కదనం చూసి గాని గిన్నె లోపలికి తీసుకుపోకపోవడం మా ఇంటి పద్ధతి. ఆ ఇంటి బిడ్డ లా చదివి, ఇరవయ్యేడేళ్ళకు ఎన్నికల్లో నిలబడి, గడపగడపకూ నడిచి, ఎవరికీ ఏమీ పంచకుండా గెలిచింది. పంచకుండా గెలవడమేమిటని నాకు అప్పుడే అనుమానం తగిలింది. చౌరస్తాలో నల్లబోర్డు పెట్టించి, ప్రతినెలా ఏ పని అయింది, ఏది కాలేదు అని సుద్దముక్కతో తన చేత్తో రాసేది. నేను చేతికర్ర పట్టుకుని వెళ్ళి చదివి, రాసిన చోటల్లా స్వయంగా చూసి వచ్చేవాణ్ణి. దీపం వేశామన్న చోట దీపం వెలిగేది, గుంత పూడ్చామన్న చోట పూడ్చే ఉండేది. ఒక్క అబద్ధమూ దొరకకపోయేసరికి, ఇంత జాగ్రత్తపడే మనిషి పెద్దదానికే గురిపెట్టి ఉంటుందనుకున్నాను.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆమె నియమం. పదవిలో ఉన్నన్నాళ్ళూ వార్డులో ఎవరింట్లోనూ చాయ్ కూడా తాగనని పెట్టుకుంది. పాతబస్తీలో చాయ్ వద్దనడమంటే ఏమిటో మన తరంవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మన ఉప్పు తిన్నవాడు కీడు చేయడానికి జంకుతాడు, మన గడపలో ఏదీ ముట్టనివాడు కీడు తలపెట్టే వచ్చాడు అనేవారు తాతగారు. చాయ్ కాదన్న కక్షిదారు కేసు ఆయన పట్టేవారు కాదు.

ఒక ఎండాకాలం ఆమె మా ఇంటికి వచ్చింది. మా వెనక గోడ అడ్డం ఉండడంతో గల్లీలో వాననీళ్ళకు దారి లేదనీ, పూర్వం గుర్రాలు కట్టిన మా దొడ్డిలో మూడడుగుల లోతున మోరీ పైపు వేసి మళ్ళీ మట్టి కప్పేస్తామనీ, నేను సరేనంటే వానలకు ముందే పని అయిపోతుందనీ చెప్పింది. నా భార్య పింగాణీ కప్పులో చాయ్ తెచ్చి పెట్టింది. ఆమె దండం పెట్టి కప్పు పక్కకు జరిపింది.

"గీ చాయ్‌ల పాలు గూడ మావే కాకా. గని తాగ. ఒక్కింట్ల తాగితే ఇంకో ఇంట్ల ఎందుకు తాగలేదంటరు."

వాళ్ళమ్మ నన్ను సాబ్ అనేది. ఈమె కాకా అని వరస కలిపింది. అది కూడా నాకు మింగుడుపడలేదు.

"పైపు కోసం వచ్చినవా, దొడ్డి కోసం వచ్చినవా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "దొడ్డి నాకెందుకు కాకా, మా బర్రెలు గల్లీలనే ఖుషీగున్నయ్. పైపు మాది, జాగ మీది అని కాయితం రాసిస్త. ఫికర్ జేయకు."

ఆలోచించి చెబుతానన్నాను. మర్నాడు, ఎన్నికల్లో ఆమె మీద ఓడిపోయిన పెద్దమనిషి వచ్చాడు. కార్వాన్‌లో ఆయనకు వ్యాపారం. మూడు కప్పుల చాయ్ తాగి, ఇలాంటి పింగాణీ ఇప్పుడెక్కడ దొరుకుతుందని కప్పు తిప్పి చూశాడు.

"ఇయ్యాల పైపు అంటది సాబ్. రేపు గదే పైపు మీద రోడ్డు అంటది. మీ ఖాందాన్ జాగల బర్రెలు నడుస్తుంటే మీరు కిటికీలకెళ్ళి చూడాలె."

ఆ మాట నాకు నచ్చలేదు. ఆయన చాయ్ తాగిన తీరు నచ్చింది. పైపుకు దారి ఇవ్వనని ఆమెకు కబురు పంపాను.

ఆ ఏడు వానలకు వెనక గల్లీ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. వాళ్ళంతా వచ్చి లొల్లి చేస్తారని వాకిలికి గడియ వేసుకుని, చెప్పవలసిన జవాబు కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. నాలుగో రోజు చౌరస్తాకు వెళ్ళి చూస్తే బోర్డు మీద "వెనక గల్లీ మోరీ కాలేదు. జిమ్మేదారి నాది" అని రాసి, కింద ఆమె సంతకం ఉంది. నా పేరు ఎక్కడా లేదు. ఇందులో మతలబు ఏమిటా అని నెలల తరబడి ఎదురుచూశాను. తర్వాతి ఎన్నికల్లో ఆమె ఓడిపోయింది. ఆ గల్లీ ఓట్లే పోయాయని అందరూ చెప్పుకున్నారు. ఫలితం తెలిసిన మర్నాడు పాలు తెచ్చిన తల్లిని నేనే అడిగాను, నీ బిడ్డ నా పేరెందుకు చెప్పలేదని.

"నేను గూడ గదే అడిగిన సాబ్. గల్లీ మొత్తం పోయి ముసలాయన మీద పడితే మోరీ అయితదా అమ్మా అన్నది," అని పాలు కొలిచి పోసి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను వేలు ముంచలేదు.

ఇప్పుడు ఆ పెద్దమనిషే కార్పొరేటరు. బోర్డు ఉన్నచోట ఆయన ఫ్లెక్సీ ఉంది. గల్లీవాళ్ళు పని ఏమైందని ఎవరినీ అడగరు, వాన వస్తే మంచాలు ఎత్తుకుంటారు, అంతే. వచ్చిన మనిషిని పోల్చుకోవడానికి మా పెద్దలు మాకు కొన్ని గుర్తులు చెప్పిపోయారు. నేను వాటినే నమ్ముకున్నాను. ఇప్పుడు ఆమె మళ్ళీ వచ్చి అడిగినా, మోరీకి దారి ఇవ్వడం నా చేతిలో లేదు.

ఆమె ఓడిన ఏడాదే వెనక దొడ్డి నాలుగు వందల గజాలూ ఆ పెద్దమనిషికి అమ్మేశాను. ఆయన దానిలో గోడ దాకా గోదాము కట్టుకున్నాడు.