ఓదెలు కాక బోర్లా పెట్టిన ఫొటోలు

మొన్న కరీంనగర్ బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణంలో మా పాప బడి కార్డుకు లామినేషన్ చేయించాను. మిషన్లోంచి కార్డు బయటికి రాగానే కాగిన ప్లాస్టిక్ వాసన గుప్పున కొట్టింది. మా పాప ముక్కు మూసుకుంది. నేను మాత్రం కార్డు చల్లారేదాకా కదల్లేదు. నస్పూర్‌లో ఓదెలు కాక ఫొటో స్టూడియోలో నేను పనిచేసిన రోజుల్లో పొద్దంతా ఆ వాసనే. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, అంతా వచ్చేసిందన్న పొగరుతో ఆ దుకాణం మెట్లెక్కాను. ఆ పొగరు దించింది ఆయనే. ఎలా దించాడో చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన పోయి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఓదెలు కాక మాకు చుట్టం కాదు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. మా బాపు బాయిలో పనిచేసేవాడు, ఆయన్ని తమ్మీ అని పిలిచేవాడు, అందుకని నాకు కాక అయ్యాడు. సిరిసిల్ల వైపు సాలోళ్ళ ఇంట్లో పుట్టి, మరమగ్గాల చప్పుడు పడక కెమెరా పట్టుకుని బొగ్గు బాయిల దగ్గరికి వచ్చేశానని నవ్వుతూ చెప్పేవాడు. మా కాలనీ క్వార్టర్లలో ఆయన ఫొటో లేని గోడ ఉండేది కాదు. పిల్లల పుట్టువెంట్రుకలకు ఆయనే, పెళ్ళికి ఆయనే. మనిషి నౌకరి నుంచి దిగిపోయే రోజు డప్పులతో, దండలతో బాయి గేటు దగ్గర దిగే ఫొటోకూ ఆయనే. శవాన్ని లేపేముందు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని దిగే ఆఖరి ఫొటోకు కూడా ఆయననే పిలిచేవారు. ఎంత గిరాకీ ఉన్నా సరే, అటువంటి పిలుపు వస్తే కెమెరా సంచీ భుజాన వేసుకుని లేచేవాడు.

చేరిన కొత్తలోనే ఒకసారి నాకు బాగా అయింది. ఒక పెళ్ళి ఆల్బం చేస్తుంటే, కుటుంబమంతా నిలబడిన ఫొటోలో పక్క నుంచి ఎవరిదో సగం మొహం, ఒక భుజం దూరి కనబడ్డాయి. దారిన పోయే మనిషెవరో అడ్డం వచ్చాడనుకుని శుభ్రంగా చెరిపేసి, వెనక గోడ అతికించేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆల్బం తీసుకెళ్ళిన వారంలో పెళ్ళికూతురు తండ్రి అగ్గిమీద గుగ్గిలమవుతూ వచ్చాడు. "మా పెద్ద బావేడి? అలిగి పండుకున్న మనిషిని బతిమిలాడి తీస్కచ్చినం. ఉరుకుంట వచ్చి నిలవడ్డడు. గిప్పుడు ఫొటోల లేడని మల్ల అలిగిండు!" అన్నాడు. కాకకు నవ్వు ఆగలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, చాయ్ తాగించి, ఆల్బం మళ్ళీ చేసిస్తామని పంపాడు. తర్వాత నా వైపు తిరిగాడు. అప్పుడు మాత్రం నవ్వు లేదు. "అడగకుంట మనిషిని తీసేసినవా బిడ్డా? ఫొటో మనం తీస్తం గని అండ్ల మనుషులు మనోళ్ళు గాదు" అన్నాడు. చిన్నదానికి ఇంత చేస్తాడేమిటని మూతి ముడుచుకున్నాను.

తర్వాత కాలనీ ఖాళీ అవడం మొదలైంది. ఒక బాయి మూతపడింది, క్వార్టర్లు కూలగొడతారన్నారు, జనం తలో దిక్కుకు పోయారు. చెన్నూరు నుంచీ ఇచ్చోడ నుంచీ ఫోన్లు వచ్చేవి: కాకా, మా నాయన దిగిపోయిన్నాటి ఫొటో ఉన్నదా, మా అవ్వ పెళ్ళినాటిది ఉన్నదా అని. అటు చూస్తే నెగెటివ్‌లకు బూజు పడుతోంది. అన్నీ స్కాన్ చేసి క్లౌడ్‌లో పెడదామనీ, ఒక వెబ్ పేజీ చేస్తే ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుంటారనీ నేనే సలహా ఇచ్చాను. కాక గడ్డం గోక్కున్నాడు. "గా క్లౌడ్ ఎవలింట్ల ఉంటది?" అన్నాడు. ఎక్కడో ముంబైలో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయని చెప్పాను. "అయితె మన ఫొటోలు కిరాయి ఇంట్ల ఉంటయన్నట్టు. సరే, సామాను జాగ్రత్తగ సదురు" అన్నాడు. ఏడాది పట్టింది. చివరికి బీరువా అడుగు నుంచి ఒక రేకు డబ్బా తీసిచ్చాడు. అందులో ఫొటోలన్నీ బోర్లా పెట్టి ఉన్నాయి. ఆఖరి ఫొటోలు. వాటిని ఆయన ఎప్పుడూ కౌంటర్ మీద ఇచ్చేవాడు కాదు. దినాలు అయ్యాక తనే కవరులో పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, పెద్దవాళ్ళ చేతికి ఇచ్చి వచ్చేవాడు. "ఇవి గూడ ఖరాబైతున్నయ్, ఎక్కియ్యి. కని పేజీల పెట్టకు" అన్నాడు. సాయంత్రం షట్టర్ దించుతూ ఆ మాటే మళ్ళీ అన్నాడు. సరే కాకా అన్నాను.

పేజీ మొదలైన వారం మాకు పండగే. సంవత్సరం నొక్కితే ఆ ఏటి ఫొటోలు వరసగా వచ్చేవి. వాటిని చూసి ఏడ్చామని ఫోన్ చేసి చెప్పినవాళ్ళున్నారు. ఎనిమిదో రోజు పొద్దున ఫొటోలన్నీ పోయాయి. పేజీ ఉంది, పేర్లు ఉన్నాయి, ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. దుకాణంలో ఫోన్ మోగుతూనే ఉంది. "మన ఫొటోలు ఎవలో ఎత్తుకవోయిండ్రట గదా" అని కాలనీలో పుకారు. వెతగ్గా వెతగ్గా తెలిసింది. క్లౌడ్‌లో పెట్టిన ఫొటోకు తాళం ఉంటుంది. నేను ఒక్కో ఫొటోకు ఇచ్చిన లింకు ఏడు రోజుల వరకే పనిచేస్తుంది, ఆ తర్వాత దానంతటదే చచ్చిపోతుంది. గడువు సంగతి నేను చదవనే లేదు. నా కంప్యూటర్లో కనబడ్డాయి, అంతే చాలనుకున్నాను. కాకకు చెబితే, "బాయిల గేటు పాసు లెక్క. తారీకు దాటితె వాచ్‌మన్ లోపటికి రానియ్యడు" అని వెంటనే అర్థం చేసుకున్నాడు. "ఫికర్ జెయ్యకు, నిమ్మళంగ జెయ్యి" అన్నాడు.

నేను నిమ్మళంగా చేయలేదు. సిగ్గు. నా తప్పు నలుగురికీ తెలిసిపోయిందన్న సిగ్గు. పాసుల గొడవే లేకుండా మొత్తం తాళాలు తీసేసే ఏర్పాటు ఒకటి అందులో ఉంది. అలా చేస్తే ఎవరైనా చూడవచ్చు, ఖాయమేనా అని అది ఎర్ర అక్షరాల్లో అడిగింది. ఖాయమేనని నొక్కాను. లింకులు ఒక్కొక్కటే అతికించే ఓపిక లేక, క్లౌడ్‌లో ఏ ఏటివి ఉంటే ఆ ఏటివన్నీ తెచ్చి చూపించమని పేజీకి రాశాను. గంటలో ఫొటోలన్నీ తిరిగొచ్చాయి. కాక ముఖం వెలిగిపోయింది. ఆ రేకు డబ్బాలోవి కూడా ఏడాదివారీగా అక్కడే ఉన్నాయన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

మూడో రోజు చెన్నూరు నుంచి లచ్చమ్మ ఫోన్ చేసింది. ఆమె భర్త బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అప్పుడు కూతురు స్వప్నకు నాలుగేళ్ళు. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై, తండ్రి ఫొటో ఏదైనా దొరుకుతుందేమోనని మా పేజీ తెరిచింది. ఒక్కో ఫొటో కిందికి జరుపుతూ పోతే తండ్రి దొరికాడు. ఇంటిముందు చాప మీద, నుదుట పసుపు బొట్టుతో, తల చుట్టూ కట్టుతో. పక్కనే బిత్తరపోయి కెమెరా వైపు చూస్తున్న నాలుగేళ్ళ తను. ఫోన్లో లచ్చమ్మ తిట్టలేదు. "ఓదెలన్నా, నీకు చేతులెట్ల వచ్చినయే" అని మాత్రం అంది. నేను వెంటనే అన్నీ మూసేశాను. కాక అప్పటికే రేకు డబ్బాలూ నెగెటివ్‌లూ నేలమీద పరుచుకుని ఏదో వెతుకుతున్నాడు. దొరికాక సంచీలో వేసుకుని, "నడువు" అన్నాడు.

మంచిర్యాల నుంచి చెన్నూరు బస్సు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. దారంతా సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగేముందు మాత్రం, "ఆడ ఏడ్వకు బిడ్డా. ఆళ్ళు ఏడ్సే ఇంట్ల మనం ఏడ్సి ఆళ్ళతోని ఓదార్పిచ్చుకోవద్దు" అన్నాడు.

లచ్చమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. లేవలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. స్వప్న గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"బంద్ జేసిండ్రట. సరే. కని నా బిడ్డ సూసింది గదా అన్నా. ఇరవయ్యేండ్లు దాసిన. నువ్వు తెచ్చిచ్చిన్నాడే ఆ ఫొటో పొయ్యిల వెట్టిన, తెలుసా నీకు?"

"తప్పు నాది చెల్లె" అన్నాడు కాక. "ఇవి పేజీల వెట్టద్దని ఈ పిల్లకు చెప్పుడు మర్సిన."

ఆయన నాకు చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇళ్ళల్లో సంపాదించుకున్న నమ్మకాన్ని నా కోసం అక్కడ పణంగా పెట్టేస్తున్నాడు. నా గొంతు నాకే వినబడింది. "లేదత్తా, కాక చెప్పిండు. నేనే ఆగం జేసిన. పేరు పోతదని తొందరవడ్డ" అన్నాను. లచ్చమ్మ మొదటిసారి నా వైపు చూసింది.

స్వప్న ముందుకు వచ్చింది. "మామా, మా బాపుయి ఇంకేమన్న ఉన్నయా? పానంతోని ఉన్నప్పటియి?"

కాక సంచీలోంచి చిన్న ఫొటో తీశాడు. అది చూడగానే నేను గుర్తుపట్టాను. స్కాన్ చేసేటప్పుడు చూసి, కదిలిపోయింది, పనికిరాదని పక్కన పడేసిన ఫొటో అది. బొగ్గు పూసుకున్న మొహంతో ఒక మనిషి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆయన చేతుల్లో ఒక పిల్ల నోరంతా తెరిచి ఏడుస్తోంది. పిల్ల కాళ్ళు కొట్టుకోవడం వల్ల ఫొటో చెదిరింది.

"నేనెందుకు గింతగనం ఏడుస్తున్న?" అంది స్వప్న.

లచ్చమ్మ మిషన్ వదిలి లేచి వచ్చింది. ఫొటోను చాలాసేపు చూసింది. "బాయిలకెల్లి వచ్చుడు వచ్చుడే నిన్ను ఎత్తుకున్నడు. మొఖం గూడ కడుక్కోలే. నువ్వు గుర్తువట్టలే. గీయనెవలు, గీయనెవలు అని ఒకటే లొల్లి. ఆయనేమో ఒకటే నవ్వుడు" అంది. చెబుతూ చెబుతూ తనూ నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. మేమిద్దరం నేల చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి లచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "మామకు నీళ్ళియ్యి బిడ్డా. ఆ పిల్లకు గూడ ఇయ్యి" అంది.

తిరుగు బస్సులో కాక ఒక్కటే అన్నాడు: "గసొంటియి ఎన్నున్నయో అన్నిండ్లకు పోదాం." వెళ్ళాం. నెలల తరబడి, ఆదివారాలు. ఫొటో ఉంచాలా, చెరపాలా, ఎవరికి చూపించవచ్చో ఇంటివాళ్ళనే అడిగాం. కొందరు చెరిపేయమన్నారు. కొందరు మాకొక్కరికే కనబడేలా ఉంచమన్నారు. ఇచ్చోడలో ఒక ముసలామె మాత్రం, "ఎందుకు దాయాలె? నా కొడుకు బాయిల పోయిండు, అందరు సూడున్రి" అని గట్టిగా అంది. కాక తలూపి, ఆ ఒక్క ఫొటో పేజీలో పెట్టించాడు. పేజీ మళ్ళీ మొదటి నుంచీ రాశాను. ఇప్పుడది ఎవరు తెరిస్తే వాళ్ళకు అప్పటికప్పుడు కొత్త పాసు ఇస్తుంది, ఇవ్వకూడని వాటికి ఇవ్వదు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఆఫీసులో ఇదే క్లౌడ్ పని చేస్తున్నాను. పని అప్పగించే గడువు దగ్గరపడితే అక్కడి కుర్రవాళ్ళు, అన్నీ తెరిచేద్దాం అక్కా, తర్వాత చూసుకుందాం అంటారు. నాకు కోపం వస్తుంది. చాదస్తం అని వెనకాల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

కాక పోయిన రోజు ఊరంతా వచ్చింది. లేపే వేళయింది. ఆఖరి ఫొటో ఎవరు తీయాలన్న మాట వచ్చింది. అందరూ నా వైపు చూశారు. ఆయన కెమెరానే తీసుకున్నాను. ఆయన ఎక్కడ నిలబడి తీసేవాడో అక్కడే, గుమ్మానికి ఎదురుగా నిలబడ్డాను. ఒక్కసారే నొక్కాను. దినాలయ్యాక కాక భార్య, మా చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి ఏం చేయమంటావని అడిగాను. "ఉంచు బిడ్డా. కని ఎవలకు సూపెట్టకు. నువ్వు గూడ సూడకు" అంది. అలాగే తాళం వేసి క్లౌడ్‌లో పెట్టాను. నెలకోసారి ఫొటోలన్నీ సరిగా తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటే చూస్తాను, ఆ ఒక్కటీ వదిలేసి. ఆ రోజు నా చేతులు వణికాయి. ఫొటో సరిగా వచ్చిందో, కదిలిపోయిందో నాకు తెలియదు.