పూజైన టైర్లు

ఎవరైనా కొత్త బండికి పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది. దేవుడి మీద కోపం కాదు. మా అన్నయ్య మీద.

మా ఇల్లు పంజాగుట్టలో. వెనక రేకుల షెడ్డులో అన్నయ్య పాత రేసు కారు ఉండేది. అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు, జావా, టెస్టింగ్ అని బోర్డులు తగిలించే రోజులవి. అక్కడ పెద్ద కంప్యూటర్ కోచింగ్ సెంటరు నడిపే సారు ఒకాయన మా కారుకి స్పాన్సరు. కారు ముందు భాగం మీద తన సెంటరు పేరు, దాని కింద ‘ఉద్యోగం గ్యారంటీ’ అని రాయించాడు. కారు నడపడం అన్నయ్య, ఇంజను చూడటం మెకానిక్ భాయ్. టైర్లు నావి. నావి అంటే నావే, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

రేసు టైర్లకి గాడులుండవు, బోడిగుండులా నున్నగా ఉంటాయి. వేడెక్కితేనే అవి రోడ్డుని పట్టుకుంటాయి. పరిగెత్తేకొద్దీ లోపలి గాలి కూడా వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి, బయల్దేరేటప్పుడు గాలి తక్కువ ఉండాలి. ఎంత తక్కువ అన్నదే నా పని. కారు ట్రాకు మీంచి లోపలికి రాగానే పరిగెత్తుకెళ్లి, వేడి కొలిచే మీటరు సూది రబ్బరు పైపొరలో గుచ్చి, రెండు అంచుల్లోనూ మధ్యలోనూ వేడి చూసేదాన్ని. అంచులు ఎక్కువ కాలితే గాలి తక్కువైనట్టు, మధ్యలో కాలితే ఎక్కువైనట్టు. "ఆడపిల్లకి ఈ టైర్లేంటమ్మా" అని నాన్న గొణుగుతూనే ఉండేవారు.

ఆ ఏడాది ఆఖరి రేసు చెన్నై దగ్గర ట్రాకులో. మొదటి ముగ్గురిలో వస్తే వచ్చే ఏడాది ఖర్చంతా తనదేనని, నాకు జీతం కూడా ఇస్తానని సారు మాటిచ్చాడు. టైర్లు చూసినందుకు జీతం! రాకపోతే కారు అమ్మేయడమేనని నాన్న ముందే తేల్చేశారు. ముందురోజు ప్రాక్టీసులో నాలుగు టైర్లూ అన్నిచోట్లా ఒకేలా వేడెక్కాయి. "ఏం కుదిరాయే! రేపూ ఇంతే పెట్టు" అన్నాడు అన్నయ్య.

పొద్దున్నే అంతే పెట్టాను. గాలి కొలిచే నా గేజీ సరిగ్గా చూపిస్తోందో లేదో పక్క టీము గేజీతో సరిచూసుకుందామని వెళ్లాను. తిరిగొచ్చేసరికి కారు లేదు, స్టార్టింగ్ లైనుకి తోసుకెళ్లిపోయారు. నేల మీద కొబ్బరి చిప్పలు, కుంకుమ, పచ్చడైపోయిన నిమ్మకాయలు. పక్కన భాయ్ మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

"సార్ పూజ చేసిండు బేటీ. కారు తోస్తే నిమ్మకాయలు నలిగినయి గానీ పగల్లే. టైర్లల్ల గాలి లేదు, గందుకే పగల్తలేవు, అపశకునం అన్నడు. నాలుగిట్ల గాలి కొట్టిండు. నేనైతే వద్దనే అన్న. మీ అన్న సుత ఆడ్నే ఉన్నడు."

అమీర్‌పేటంతా కంప్యూటర్లు నేర్పే మనిషి, నిమ్మకాయ పగల్లేదని రేసు టైర్లలో గాలి కొట్టాడు!

గేజీ పట్టుకుని లైను దగ్గరికి పరిగెత్తాను. ఇంకా టైముంది. ఎక్కువైన గాలి వదిలేస్తే చాలు. వాల్వు మూత తీయబోతుంటే సారు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"పూజైన బండమ్మా. ఇప్పుడు గాలి తీయకూడదు."

"ఇలా వెళ్తే సగం రేసుకే టైర్లు కాలిపోతాయి సార్."

"శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలేంటి?"

అన్నయ్య వైపు చూశాను. హెల్మెట్‌లోంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నాకెంత తెలుసో వాడికీ అంత తెలుసు. "వదిలెయ్యవే, సారు చెప్తున్నారుగా. నేను మేనేజ్ చేస్తా" అన్నాడు.

మేనేజ్ చేస్తాడట, వాడి తలకాయ!

మొదట్లో టైర్లు తొందరగా వేడెక్కి రెండో స్థానానికి వచ్చాడు. సారు ఒకటే చప్పట్లు. సగం దాటేసరికి మలుపు మలుపుకీ వెనక చక్రాలు జారడం మొదలైంది. ఒకడు దాటాడు, ఇంకొకడు దాటాడు, ఆ తర్వాత నేను చూడలేకపోయాను. కారు లోపలికి రాగానే సూది గుచ్చాను. టైరు మధ్యలో పెనంలా కాలుతోంది, రబ్బరు బొబ్బలెక్కి ఉంది.

"నిమ్మకాయలు బాగానే పగిలాయి కదమ్మా, మీవాడి టైం బాలేదు" అన్నాడు సారు. వచ్చే ఏడాది మాట మళ్లీ ఎత్తలేదు.

అదైనా మింగేసేదాన్నే. ఇంటికొచ్చాక ఏమైందిరా అని నాన్న అడిగితే, అన్నయ్య నేలచూపులు చూస్తూ "టైర్లు పోయాయి నాన్నా. గాలి సరిగ్గా కుదర్లేదు" అన్నాడు. గాలి చూసేది ఎవరు? నేను. గొంతు చించుకుని జరిగిందంతా చెప్పాను. "నీ తప్పు పూజ మీదకి తోస్తావా?" అని నాన్న కసిరారు. అన్నయ్య నోరు విప్పలేదు. ఎందుకు విప్పుతాడు, సారు ఎవరితోనో చెప్పి వాడికి ఉద్యోగం వేయిస్తున్నాడు మరి. కారు అమ్మేశారు. నన్ను తీసుకెళ్లి అదే సారు దగ్గర టెస్టింగ్ కోర్సులో చేర్పించారు. చిన్న తప్పు వదిలేస్తే మొత్తం సిస్టమే పోతుందని ఆయన పాఠం చెబుతుంటే, పళ్లు కొరుక్కుంటూ రాసుకునేదాన్ని.

కొన్నేళ్లకి అన్నయ్య కొత్త కారు కొన్నాడు. ఇంటి ముందు పూజ. నాన్న చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. "గాలి సరిపోయిందేమో చూడవే, నీ డిపార్ట్‌మెంటేగా" అని నవ్వాడు అన్నయ్య.

"చూస్తాను. ఆ రోజు గాలి ఎవరు కొట్టారో ముందు నాన్నకి చెప్పు."

"మంచి పని జరుగుతుంటే పాత గొడవలెందుకే?"

వంగి ముందు చక్రం కింది నిమ్మకాయ తీసుకుని లోపలికి వచ్చేశాను. వెనక నాన్న అరుస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం దాన్ని కోసి పప్పులో పిండి అందరికీ వడ్డించాను.

నాన్న ముద్ద కలుపుతూ ఆగారు. "ఆ రోజు గాలి ఎవరు కొట్టార్రా?"

అన్నయ్య తల వంచుకుని పప్పులోంచి నిమ్మగింజలు ఏరుతున్నాడు. నాన్న వాణ్ణి కాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "పెరుగు తేమ్మా" అన్నారు.

తెచ్చి ఆయన ముందు ఠక్కుమని పెట్టాను. ఆ రోజు తప్పు నాది కాదు అన్న ఒక్క ముక్క ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరి నోటా రాలేదు.